అడ్డుకట్ట పక్కన

హందిల్ రసావ్,
ఆగస్టు 1997

తమ్ముడు దెహెన్‌కి,

ఉత్తరం అన్నాక క్షేమం అని మొదలుపెట్టాలి. మేం క్షేమంగా లేం. నువ్వు క్షేమంగా ఉన్నావా అని అడిగే ఓపిక నాకు లేదు. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను.

నీ మనుషులు మన ఊరి కాలువకి వేసిన అడ్డుకట్ట మళ్ళీ నరికేశారు. నేను కట్ట మీద నిలబడి ఉండగానే నరికారు. నీ పెద్ద పడవ తోలే అమాత్ ముందు హారన్ కొట్టాడు, తర్వాత గొడ్డలి తీశాడు. "ఒరేయ్, ఊరు ఊరంతా బురదలో దిగి కట్టుకున్న కట్టరా ఇది" అన్నాను. "నాకేం తెలుసమ్మా? లోపలున్న దుంగలు తెమ్మన్నాడు యజమాని. తేవాలంటే పడవ పోవాలి కదా. కోపముంటే ఆయన మీద చూపించుకో. నీ తమ్ముడేగా, నీ మాట వినడా ఏంటి?" అని పళ్ళికిలించాడు. పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నీ కూలివాళ్ళ ముందు నన్ను నవ్వులపాలు చేసినందుకు సంతోషం.

కట్ట తెగగానే లోపలి నీళ్ళన్నీ ఏటివైపు పరిగెత్తాయి. సాయంత్రానికి కాలువ అడుగున వేళ్ళు తేలాయి. పట్నం నీళ్ళు తాగి మర్చిపోయావేమో, గుర్తు చేస్తాను. మనది మట్టి నేల కాదు, పీట్ నేల. నిలువు లోతు తవ్వినా కుళ్ళిన ఆకులూ వేళ్ళే వస్తాయి. కాలువలో నీళ్ళుంటే అది తడిసిన చాపలా పడి ఉంటుంది. నీళ్ళు పోతే ఎండు కొబ్బరి పీచుకీ దానికీ తేడా ఉండదు. ఈ ఏడు వాన మొహం చాటేసింది. జూన్ నుంచి చుక్క పడలేదు.

నాన్న తవ్విన చేపల గుంట వెనకాల కొన్నాళ్ళుగా నేలలోంచి పొగ వస్తోంది. మంట లేదు, పొగ మాత్రమే. గుంట దాటితే మన రబ్బరు తోట. ఆ చెట్లు గీస్తేనే నా ఇంట్లో పొయ్యి వెలిగేది, నా కూతురు మార్నీ బడికి పోయేది. తోట పోతే నేనూ మీ బావా ఏ ప్లైవుడ్ మిల్లులోనో కూలికి నిలబడాలి. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు, జరగబోయేది చెబుతున్నాను.

వానలు పడేదాకా నీ పడవలు మా కాలువలోకి రానివ్వకు. నేను అడిగేది అంతే. సరుకుల పడవ నడిపే నూర్‌హాయాతి పిన్ని చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబు ఆవిడకే ఇవ్వు. అమాత్ చేత పంపితే చింపేస్తాను.

రుసినా


కువాలా కపువాస్,
ఆగస్టు

అక్కకి నమస్కారం,

నీ ఉత్తరం అందింది. చేతికిస్తూ నూర్‌హాయాతి పిన్ని, "మీ అక్క రాస్తుంటే పెన్ను విరుగుతుందేమో అనుకున్నా నాయనా" అంది. చదివాక నాకనిపించింది, విరిగినా బాగుండేదని.

ఆ కాలువ ఎవరు తవ్వారు? తాతయ్య, ఆయన అన్నదమ్ములు. దేనికి తవ్వారు? పడవలు తిరగడానికి. లోపలి నుంచి గలాం చెట్ల దుంగలూ పేముకర్రా బయటికి తేవడానికి. దాన్ని మీరు వంటింటి తూములా బిగించేసి, తెరిచినవాణ్ణి దొంగ అంటున్నారు. నాన్న పోయేముందు ఏం చెప్పాడో మర్చిపోయావా? నేల నీకిచ్చాడు. నా చేతికి తెడ్డు ఇచ్చి "నీళ్ళు నీవిరా" అన్నాడు. నేను మనసులో ఏమనుకున్నా, నీ చెట్లలో ఒక్కటి కూడా ఏనాడూ అడగలేదు. నా నీళ్ళకి నువ్వెందుకు తాళం వేస్తావు?

గలాం దుంగలన్నీ కొట్టించి లోపల పడేసి ఉంచాను. వానలు రాకముందే అందిస్తానని మిల్లు వాళ్ళకి మాటిచ్చాను. ఆ మాట తప్పితే ఈ రేవులో ఇంకెవడూ నన్ను పిలిచి పని ఇవ్వడు. నీకు తోట ఎంతో నాకు ఆ మాట అంత. నువ్వు మాత్రం నేనేదో సరదాకి గొడ్డలి పంపినట్టు రాశావు.

ఇక పొగ. మనం పుట్టిన దగ్గర్నుంచీ ఎండలు ముదిరితే పొగే. ఇదేదో కొత్తగా నా పడవ తెచ్చినట్టు మాట్లాడకు. ఆ గుంట గట్టున గడ్డి కాలితేనే కదా పొగ మొదలైంది? ఎవరు కాల్చారట? ఊళ్ళో బావ పేరు చెప్పుకుంటున్నారని అమాత్ అన్నాడు. నేనేమీ అనడం లేదు, చెప్పుకుంటున్నారు అంటున్నాను. బావ బరీటో ఏటి ఎగువ నుంచి వచ్చిన మనిషి, అక్కడంతా గట్టినేల, పీట్ సంగతి ఆయనకేం తెలుసు. ముందు నీ ఇల్లు చక్కబెట్టుకుని తర్వాత నా పడవల దగ్గరికి రా.

దెహెన్


హందిల్ రసావ్,
సెప్టెంబరు

దెహెన్‌కి,

నీ నమస్కారాలు నీ దగ్గరే ఉంచుకో.

మీ బావని అడిగాను. నీ మాట పట్టుకుని నా మొగుణ్ణి నేను దొంగని అడిగినట్టు అడిగాను. పార పక్కన పెట్టి కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఏటా కాల్చేదేగా. గట్టున పాత గడ్డి కాలిస్తే వరదకి లేతగడ్డి వస్తుంది, కొర్రమీను గుంటలోకి దిగుతుంది. మీ నాన్న కాల్చేవాడు కాదా? ఇప్పుడు ఎవరు కాల్చారని పంచాయతీ పెడితే నిప్పు ఆరుతుందా? ముందు ఆర్పనీ" అన్నాడు. కాల్చాననలేదు, కాల్చలేదనలేదు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఊరి మీటింగులో అందరూ ఆయన వైపు చూస్తుంటే వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాను. నీ అమాత్ ఆగిన ప్రతి రేవులోనూ "బరీటో అల్లుడు మామ తోట తగలబెట్టాడు" అని చాటాడట. వాడికి ఆ పాట నేర్పింది ఎవరో నాకు తెలీదనుకోకు.

అయినా గట్టున గడ్డి కాల్చడం తప్పెలా అవుతుంది? అన్నేళ్ళూ కాలుతూనే ఉంది. అప్పుడు గడ్డి కింద నేల తడిగా ఉండేది, నిప్పు పైపైన పాకి చచ్చేది. ఈసారి కింద తడి లేదు. వేళ్ళు పట్టుకుని లోపలికి దిగింది. తడి ఎందుకు లేదో నీకు మళ్ళీ చెప్పాలా?

నీకు అక్కడ కూర్చుంటే పొగ అంటే పొగే. ఇక్కడికి వచ్చి చూడు. మొన్న గుంట పక్కన ఒక రబ్బరు చెట్టు పడింది. ఆకులు పచ్చగా ఉన్నాయి, ఆ పొద్దున పాలు కూడా ఇచ్చింది. గాలి లేదు. నేను గిన్నె తీసుకుని ఇటు తిరిగానో లేదో ఒరిగిపోయింది. చూస్తే కింద వేళ్ళు లేవు, బొగ్గు ఉంది. నిలబడి ఉన్నవాటిలో ఏది వేళ్ళ మీద నిలబడిందో, ఏది ఊరికే నిలబడిందో చెప్పలేం. అందుకని నేనిప్పుడు చెట్టు దగ్గరికి పోయేముందు తోసి చూస్తున్నాను. నాన్న నాటిన చెట్టుని అనుమానించాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

నీళ్ళు పోస్తే లోపలికి ఇంకవు. ఎండిన పీట్ నీళ్ళు తాగదు, పైనుంచి జార్చేస్తుంది. కాలువ బాగోగులు చూసే పెద్దగా ఇంగన్ పెదనాన్నే దగ్గరుండి చేయిస్తున్నాడు. ముందు పారతో నేల పెళ్ళగించాలి. తర్వాత నీళ్ళు పోసి జావ అయ్యేదాకా కర్రలతో కలపాలి. వెదురు బద్ద లోపలికి దింపి, తీసి, కొస చేత్తో పట్టుకోవాలి. వేడిగా ఉంటే మళ్ళీ మొదటికి. "పొగ ఆగిందని ఇంటికిపోతే రేపు మీ ఇంటెనకాల లేస్తుంది. చెయ్యి పెడితే చల్లగా తగలాల, అప్పుడు చచ్చినట్టు" అంటాడు. ఆయన మమ్మల్ని తిట్టే తిట్లు రాస్తే నూర్‌హాయాతి పిన్ని ఈ ఉత్తరం ముట్టుకోదు.

గుంటకీ తోటకీ మధ్య కందకం తవ్వాం. అడుగున బంకమట్టి తగిలేదాకా తవ్వాల్సిందే, లేకపోతే నిప్పు కిందనుంచి దూరుతుంది. ఆడవాళ్ళం బురద మోశాం, పిల్లలు తప్ప ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆ కందకం నిండా నీళ్ళుంటేనే అడ్డు. లేకపోతే ఉత్త గొయ్యి. అందులోకి నీళ్ళు రావలసింది కాలువ నుంచే. అందుకని కట్ట మళ్ళీ కట్టాం. రెండు వరసలు గుంజలు దిగ్గొట్టి మధ్యలో బంకమట్టి కూరాం. ఈసారి అమాత్ వస్తే కట్ట మీద నేనొక్కదాన్నే ఉండను. ఆ మాట వాడికి చెప్పు.

రుసినా


కువాలా కపువాస్,
సెప్టెంబరు

మార్నీ వాళ్ళమ్మ గారికి,

పరాయివాళ్ళు పిలిచినట్టు పిలుస్తున్నానని బాధపడకు. నమస్కారం వద్దన్నావు కాబట్టి నాకు ఈ వరసే మిగిలింది.

పొగ మీ ఒక్కరికే రాసిచ్చారని అనుకుంటున్నట్టున్నావు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టుకుని దుంగలు కోస్తున్నాం. సూర్యుణ్ణి కళ్ళార్పకుండా చూడొచ్చు. బడులు మూసేశారు. ఎదురొచ్చే పడవ కనపడదు, అందరూ డబ్బాలు వాయించుకుంటూ నడుపుతున్నారు. మా ఆవిడ దగ్గు మొదలెడితే ఆపడం లేదు. నేను ఎవరి మీదా ఉత్తరాలు రాయడం లేదు.

నీ కట్ట సంగతికి వస్తాను. ఊరంతా కలిసి కట్టారు, ముట్టుకుంటే ఊరుకోమన్నారు. సరే, ముట్టుకోలేదు. వెళ్ళి చూసుకో, ఒక్క గుంజ కదిలి ఉంటే నన్నడుగు. పక్కన నేల మెత్తగానే ఉంది కదా. అమాత్ వాళ్ళూ నాలుగు పారలు పట్టుకుని కట్ట పక్కనుంచి చిన్న కాలువ తవ్వుకున్నారు, పడవ పట్టేంత. కట్టని చుట్టి మళ్ళీ పెద్ద కాలువలోనే కలుస్తుంది. మీరంతా మధ్యాహ్నం భోజనాలకి వెళ్ళి వచ్చేలోపు పనైపోయిందట. మీ కట్ట మీకుంది, నా దారి నాకుంది. బుర్ర వాడితే ఇంత అరుపులు అక్కర్లేదని నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను.

పడవ లోపలికి వెళ్ళింది. దుంగలు కట్టుకుని ఈ వారంలో బయటపడుతుంది. ఆ తర్వాత ఆ గండి పూడ్చుకోండి, పూలు పెట్టుకోండి, నాకు అనవసరం. ఇంగన్ పెదనాన్నకి నా నమస్కారాలు. ఆయన నన్ను తిట్టిన తిట్లు మాత్రం రాసి పంపు, పిన్ని చదవదులే.

దెహెన్


హందిల్ రసావ్,
సెప్టెంబరు చివర

పడవల యజమాని దెహెన్ గారికి,

నీ బుర్ర ఏం చేసిందో చూశాం. నువ్వు రాసినట్టే కట్ట చెక్కు చెదరలేదు. ఊళ్ళోవాళ్ళందరం దాని మీద నిలబడ్డాం. నీళ్ళు మాత్రం పక్కనుంచి పోతున్నాయి. నువ్వు పడవ పట్టేంత తవ్వించావు, నీళ్ళు ఒడ్డు కోసుకుంటూ దాన్ని ఇంకా వెడల్పు చేశాయి. నేల మెత్తగా ఉందని రాసింది నువ్వే.

కందకం ఎండిపోయింది. ఎండిన చోటే నిప్పు దాటి తోటలోకి వచ్చింది. గుంట వైపు చెట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పడిన చప్పుడు వినపడగానే మార్నీ చెవులు మూసుకుంటోంది.

ఇప్పుడు మీ బావ గురించి. కందకం ఇవతల నేల బాగానే కనపడింది, పైన గడ్డి కూడా ఉంది. నీళ్ళ గొట్టం లాక్కుంటూ అడుగు వేశాడు. నేల కూలింది. కింద అంతా డొల్ల, ఎర్రటి బూడిద. మోకాలి దాకా దిగిపోయాడు. నేను పరిగెత్తబోతే "రుసినా, రాకు, నువ్వు రాకు" అన్నాడు. ఇంగన్ పెదనాన్న పలకలు పరిచి వాటి మీద పాక్కుంటూ వెళ్ళి లాగాడు. బూటు ఊడదీస్తే దాంతోపాటు చర్మం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే కాలువలో పడవ తేలేంత నీళ్ళు లేవు. మా ఇంటి తలుపు ఊడదీసి, ఆయన్ని దాని మీద పడుకోబెట్టి, ఏటి దాకా భుజాల మీద మోశారు.

రేవులో పడవ కోసం కూర్చున్నప్పుడు నేను ఏడుస్తూ ఆయన్నే తిట్టాను. "నువ్వు ఆ గడ్డికి నిప్పు పెట్టకపోతే ఇదంతా వచ్చేది కాదు కదయ్యా" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే, "నేను పెట్టలేదు. మీవాడు పెట్టాడు" అన్నాడు. జూలైలో నువ్వు దుంగలకి గుర్తులు పెట్టించుకోవడానికి వచ్చిన రోజట. "'గట్టు కాల్చాల్సింది కొడుకు చెయ్యేనని మా నాన్న చెప్పాడు' అన్నాడు మీవాడు. మంచిదే కదా అని నేను బకెట్ పట్టుకుని పక్కన నిలబడ్డా."

"మరి ఊరంతా నిన్ను అంటుంటే ఎందుకు నోరు మూసుకున్నావు?"

"చెబితే నువ్వు వాడి మొహం చూడవు. మీ ఇద్దరికీ ఇంకెవరున్నారే?"

దెహెన్, నువ్వు నిప్పు పెట్టావు. సరే, నాన్నా పెట్టేవాడు. నీళ్ళు తీసేశావు. సరే, నీకు పని ఉంది, మాట ఉంది. కానీ కాగడా నీ చేతిలో పట్టుకుని, "ఊళ్ళో బావ పేరు చెప్పుకుంటున్నారు" అని నాకే రాశావు. నాకు. ఆ వాక్యం నేను నమ్మాను. నమ్మి, కాలు కాలిన మనిషిని తిట్టాను. దీనికి నిన్ను ఏమనాలో నాకు మాట దొరకడం లేదు, అందుకే యజమాని గారు అని రాశాను.

ఇంకొక సంగతి. నీ పడవ తిరిగి వస్తూ నీ పక్కకాలువలోనే బురదలో కూరుకుపోయింది. నీళ్ళన్నీ వదిలేస్తే పడవ దేని మీద తేలుతుంది? అది నీ బుర్రకి తట్టలేదు. అమాత్ పొగకి తాళలేక దాన్ని అక్కడే వదిలి నడుచుకుంటూ పారిపోయాడు. వెళ్తూ వెళ్తూ మా ఇంట్లో మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

రుసినా


కువాలా కపువాస్,
అక్టోబరు

అక్కా,

నేను గడ్డికి నిప్పు పెట్టాను. నేలకి పెట్టలేదు. ఆ తేడా ఎవరికైనా తెలుసంటే నీకే తెలియాలి.

ఊళ్ళో బావ పేరు చెప్పుకుంటున్నారు, అదే రాశాను. అందులో అబద్ధమేముంది? బావ నోరు విప్పకపోతే అది నా తప్పా? ఆయన మంచితనానికి నేను పూచీ ఉండలేను.

మా ఆవిడ ఊపిరి ఆడక ఆసుపత్రిలో ఉంది. వరండాలో చాప మీద పడుకోబెట్టారు, లోపల మంచాలు లేవు. అందుకే రాలేకపోతున్నాను, లేకపోతే ఇవన్నీ మొహం మీదే అనేవాణ్ణి. దుంగలు ఈ ఏడు రావని మిల్లు వాళ్ళకి తెలిసిపోయింది. వాళ్ళు వేరేవాణ్ణి మాట్లాడుకున్నారు. నీ కోరిక తీరింది.

పడవకి ఏమీ కానివ్వద్దు. ఊళ్ళో నలుగుర్ని కూడగట్టి ఏటి దాకా లాగించు. దుంగలు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. పడవ పోతే మాత్రం నేను లేను. తోట పోతే కూలికి పోతానని రాశావు. పడవ పోతే నేనూ అదే మిల్లులో, నీ పక్కనే నిలబడతాను. నీకు సంతోషంగా ఉంటుందేమో చూసుకో.

పిన్ని చేత కాలిన గాయాలకి మందు పంపుతున్నాను. ఇక్కడి డాక్టరు రాసిచ్చిందే. బావకి నేను పంపానని చెప్పొద్దు.

దెహెన్


హందిల్ రసావ్,
అక్టోబరు చివర

తమ్ముడూ,

మందు అందింది, రాస్తున్నాం. మందు మంచిదని రాస్తున్నాం, నువ్వు మంచివాడివని కాదు. నువ్వు పంపావని చెప్పాను. చెప్పొద్దన్నావు కాబట్టే చెప్పాను. "వాడికి తెలుసులే ఎక్కడ మండుతుందో" అన్నాడు మీ బావ. ఆయనకి నీ మీద కోపం రాదు, ఆ పని కూడా నేనే చేసుకోవాలి. కాలు ఉంటుందన్నారు. మునుపటిలా నేల మీద ఆనదన్నారు.

నీ పడవని ఏటి దాకా లాగించమన్నావు. లాగించలేదు. ఉన్నచోటే ముంచేశాం.

ఎలా ముంచామో చెబుతాను, నీ వస్తువు కాబట్టి వినే హక్కు నీకుంది. కట్ట పక్కన నీ గండి అంత పెద్దదయ్యాక గుంజలు దిగ్గొడితే నిలవలేదు, మెత్తనేల పట్టుకోవడం లేదు. ఇంగన్ పెదనాన్న గట్టు మీద కూర్చుని నీ పడవ వైపు చాలాసేపు చూశాడు. "ఈ గండికి సరిపోయేది ఊళ్ళో ఒక్కటే ఉంది. దాన్ని తెచ్చినోడే ఇక్కడ పెట్టి పోయాడు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నీ అక్కని కాబట్టి నేను ఊఁ అనాలట. నేను ఊఁ అన్నాను. అరగంట ఆలోచించి అనలేదు, వెంటనే అన్నాను. నువ్వు ఆ సంగతి తెలుసుకోవాలి.

తాళ్ళు కట్టి ముందు కొస ఒక ఒడ్డుకీ చుక్కాని వైపు ఇంకో ఒడ్డుకీ వచ్చేలా అడ్డంగా తిప్పాం. కందకంలోంచి తీసిన బంకమట్టి బస్తాలకెత్తి నింపాం. ఆడవాళ్ళు పాట ఎత్తుకోబోతే నేనే వద్దన్నాను. నీ దుంగలే కోసి గుంజలు చేసి ఏటివైపు దిగ్గొట్టాం. ఇంజను మాత్రం తీయించి మా ఇంటి కింద గోనె కప్పి పెట్టాం. అది మీ బావ ఆసుపత్రి నుంచి వచ్చి, మోసిన ఆ తలుపే మంచంగా పడుకుని పట్టుబట్టి చేయించాడు. నేనైతే దాంతో సహా ముంచేదాన్ని.

నీళ్ళు నిలబడ్డాయి. మొదట బురద తడిసింది, తర్వాత వేళ్ళు మునిగాయి, తర్వాత కందకంలోకి దారి తీశాయి. ఇప్పుడు కందకం అంచున నేల బుసకొడుతోంది, పొగ బదులు ఆవిరి వస్తోంది. గుంట వైపు తోట లేదు. అక్కడ బూడిద గొయ్యి ఉంది, పోయి నిలబడాలన్నా నిలబడలేం. ఏటివైపు చెట్లు ఉన్నాయి. రోజూ బద్ద దింపి చూస్తున్నాను. కొన్ని చోట్ల చల్లగా తగులుతోంది. చల్లగా తగిలిన చోట కాసేపు చెయ్యి తీయబుద్ధి కాదు.

కానీ ఇంకా చావలేదు. వాన పడేదాకా ఈ నీళ్ళు ఉండాలి. నీళ్ళుండాలంటే నీ పడవ అక్కడే ఉండాలి. మనుషుల్ని తీసుకొచ్చి దాన్ని లేపాలని చూడకు. ఊళ్ళోవాళ్ళు వంతులేసుకుని కాపలా ఉంటున్నారు. నువ్వొస్తే ముందు నిలబడేది నేనే. నీళ్ళు నీవన్నావు, ఒప్పుకున్నాను. నీ నీళ్ళని నీ పడవే ఆపుతోంది.

మీ ఆవిడ ఎలా ఉంది? ఆమె మీద నాకు కోపం లేదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమను, గుడ్డ మాటిమాటికీ మార్చమను.

రుసినా


కువాలా కపువాస్,
నవంబరు

రుసినాకి,

పేరు పెట్టి పిలిచానని కోపం తెచ్చుకో. నాకు అదే కావాలి.

నీ ఉత్తరం చదివి చేతికందింది విసిరేశాను. పిన్ని ఇంకా గడపలోనే ఉంది, "ఇదిగో నాయనా, గిన్నెలు నీవి, విసురుకో గానీ ఉత్తరం మోసుకొచ్చిన నాకు తగలనీకు" అంది. నా పడవ. నన్ను అడక్కుండా నా పడవ. రేవులో ఒకరి వెనక నడిచినవాణ్ణి ఆ పడవ కొన్నాకే మనిషిగా చూశారు. దాన్ని బురదతో నింపి బాతుని ముంచినట్టు ముంచారు. పైగా వెంటనే ఊఁ అన్నానని గొప్పగా రాశావు. పెదనాన్నని పెద్దల ముందు నిలబెడతాను. నిన్నూ నిలబెడతాను. నీ గడప బతికుండగా తొక్కను. మార్నీ పెళ్ళికి కూడా పిలవకు. ఇదంతా గట్టిగా రాస్తున్నాను, పదిమందిలో గట్టిగా చదువుకో.

ఇక్కడి నుంచి మాత్రం పైకి చదవకు.

పడవ ముందు కొస దగ్గర, ఎడమవైపు, అడుగు నుంచి రెండో పలక కుళ్ళింది. కొన్నప్పుడే కుళ్ళి ఉంది. అందుకే చవకగా నా చేతికి వచ్చింది. రేకు కొట్టి తారు పూసి పైన పచ్చరంగు వేశాను. అమాత్‌కి తెలీదు, మా ఆవిడకీ తెలీదు. నీళ్ళ మీద తేలుతున్నంతసేపూ అది ఆగుతుంది. లోపల బంకమట్టి బరువు, బయట నీళ్ళ తోపుడు, రెండూ పడితే ఆగదు. అది ఊడిందంటే బస్తాల్లో మట్టి మెల్లగా ఏటివైపు జారుతుంది. పైకి ఏమీ కనపడదు. కనపడేసరికి పడవ కదులుతుంది, మీ కందకం మళ్ళీ ఎండుతుంది.

లోపల్నుంచి ముట్టుకోవద్దు. ఏటివైపు నుంచి ఆ పలకకి ఆనించి గుంజలు పక్కపక్కనే దిగ్గొట్టించు, సందు లేకుండా. లావు దుంగలు వాడు, నాకు మిగల్చాలని సన్నవి వెతక్కు. టార్పాలిన్‌లో బంకమట్టి మూటగట్టి రేకు మీదికి అదిమి పెట్టాలి. పెదనాన్న చేత చేయించు, కుర్రాళ్ళకి వదిలేయకు. ఉత్తరం అందిన పూటే చెయ్యి.

మా ఆవిడ లేచి కూర్చుంటోంది. గుడ్డ మారుస్తున్నాను.

ఈ ఉత్తరం వచ్చేసరికే పలక ఊడిపోయి ఉంటే, ఏటి మలుపులో రేవు దగ్గర నా చిన్న పడవ కట్టేసి ఉంటుంది. గొలుసుకి తాళం లేదు. దాని పలకలు గట్టివి, బంకమట్టి బరువు ఆపుతాయి. నన్ను అడగొద్దు, అడిగితే ఇవ్వను.

దెహెన్